బీటెక్ మ్యాథ్స్: విశాఖలో మొదటి ఏడాది పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీలు తెరిచిన రెండు నెలలకు, క్లాసు అయ్యాక నా టేబుల్ దగ్గర ఆగి పిల్లలు అడిగే ప్రశ్నలు ఏ ఏడాదైనా ఇంచుమించు ఇవే. శ్రీకాకుళం నుంచి వచ్చి హాస్టల్లో ఉన్నవాళ్లు, పాడేరు నుంచి వచ్చినవాళ్లు, గాజువాక నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు, అందరిలోనూ ఒకే కంగారు కనిపిస్తుంది. ఎన్నో ఏళ్లుగా బీటెక్ పిల్లలకు మ్యాథ్స్ చెబుతున్నాను. టేబుల్ దగ్గర రెండు నిమిషాల్లో చెప్పలేకపోయినవి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఎంసెట్‌లో మ్యాథ్స్ బాగా చేశాను. ఫస్ట్ మిడ్‌లో సగం మార్కులు కూడా రాలేదు. నాకేమైంది సార్?

మీకేమీ కాలేదు, పరీక్ష మారింది. ఇప్పుడు ఈఏపీసెట్ అని పిలుస్తున్న ఆ పరీక్షలో 3 గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 మ్యాథ్స్. ప్రశ్నకు నిమిషం పైచిలుకు. ఆ నిమిషంలో గెలవడానికి రెండేళ్లు తర్ఫీదు తీసుకున్నారు: తప్పు ఆప్షన్లు కొట్టేయడం, ఉన్న జవాబును సమీకరణంలో పెట్టి చూడడం, షార్ట్‌కట్ గుర్తుంచుకోవడం. అదీ ఒక నైపుణ్యమే, దాన్ని తక్కువ చేయను.

బీటెక్‌లో ఒక్క లెక్క పేజీన్నర నడుస్తుంది. ఆప్షన్లు ఉండవు. మూడో వరుసలో గుర్తు తప్పితే చివరి దాకా తప్పే, ఆ తప్పును మీరే పట్టుకోవాలి. పదిహేను నిమిషాలు ఒకే లెక్క మీద కూర్చునే అలవాటు మీకు ఇంకా రాలేదు. దానికి ఒక సెమిస్టర్ పడుతుంది. మొదటి మిడ్ మార్కులు చూసి "నేను మ్యాథ్స్‌లో వీక్" అని తీర్పు రాసుకోకండి. అలా రాసుకున్నవాళ్లు పుస్తకం తెరవడం మానేస్తారు, అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

మొత్తం ఎన్ని మ్యాథ్స్ పేపర్లు ఉంటాయి?

మీ కాలేజీ ఎవరి కింద ఉందో దాన్ని బట్టి. ఊళ్లో ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీకి, గీతంకు వాటి సొంత సిలబస్‌లు ఉన్నాయి. చుట్టుపక్కల చాలా కాలేజీలు జేఎన్‌టీయూ పద్ధతిలో నడుస్తాయి, కొన్ని అటానమస్. 2023లో వచ్చిన జేఎన్‌టీయూ ఆర్23 రెగ్యులేషన్ ప్రకారం అయితే మొదటి సెమిస్టర్లో లీనియర్ ఆల్జీబ్రా, కాల్క్యులస్. రెండో దాంట్లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, వెక్టర్ కాల్క్యులస్. ఆ తర్వాత బ్రాంచిని బట్టి దారులు చీలిపోతాయి: సీఎస్‌ఈకి డిస్క్రీట్ మ్యాథ్స్, ఈసీఈకి ప్రాబబిలిటీ, ట్రిపుల్‌ఈకి కాంప్లెక్స్ వేరియబుల్స్, సివిల్, మెకానికల్ వాళ్లకు న్యూమరికల్ మెథడ్స్. సీనియర్ ఇచ్చిన పాత పీడీఎఫ్ మీద ఆధారపడకుండా మీ బ్యాచ్ రెగ్యులేషన్ కాపీ తెచ్చుకోండి.

ఇంటర్ పాఠాలు మళ్లీ చదవాలా? చదివితే ఏవి?

చదవాలి. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇదే చదవండి. పిల్లలు లాప్లాస్ (అవకల సమీకరణాన్ని మామూలు బీజగణితంగా మార్చే పద్ధతి) రాక ఫెయిలవుతున్నాం అనుకుంటారు. జవాబు పత్రం తెరిస్తే లాప్లాస్ సూత్రం సరిగ్గానే ఉంటుంది, ఆ తర్వాత పాక్షిక భిన్నాలు విడగొట్టడంలో చెయ్యి తడబడి ఉంటుంది. అది ఇంటర్ సెకండియర్ పాఠం. ఫోరియర్, అంటే ప్రమేయాన్ని సైన్లు, కొసైన్ల కూడికగా రాయడం, రాదంటారు. చూస్తే విడిభాగాల సమాకలనం, అదే ఇంటిగ్రేషన్ బై పార్ట్స్, రెండోసారి వాడేటప్పుడు మైనస్ గుర్తు జారిపోయి ఉంటుంది. అదీ ఇంటరే. కొత్త పాఠం పై అంతస్తు, బీట ఉన్నది కింది గోడలో.

1ఎ, 1బి, 2ఎ, 2బి పేపర్లుగా చదివిన బ్యాచ్‌ల వాళ్లకు వరుస ఇలా చెబుతాను. 1ఎ నుంచి మాత్రికలు, త్రికోణమితి సూత్రాలు. 1బి నుంచి అవకలనం మొత్తం, ముఖ్యంగా చైన్ రూల్. పార్షియల్ డెరివేటివ్స్ అంటే మిగతా చలరాశులను కదలకుండా పట్టుకుని చేసే అవకలనమే. 2ఎ నుంచి పాక్షిక భిన్నాలు, డిమోయివర్ సిద్ధాంతం, సంభావ్యత. 2బి నుంచి సమాకలనం, అవకల సమీకరణాలు. వృత్తాలు, పరావలయాల సమస్యలన్నీ మళ్లీ చేయనక్కర్లేదు, వాటి బొమ్మలు గీయడం వస్తే చాలు. డబుల్ ఇంటిగ్రల్స్‌లో హద్దులు వేసేటప్పుడు అవే కావాలి.

రోజుకు నలభై నిమిషాల చొప్పున మూడు వారాలు. పాత పుస్తకాలు జూనియర్లకు ఇచ్చేసి ఉంటే ఎవరిదగ్గరైనా తెచ్చుకోండి.

నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. క్లాసులో మాట అర్థమయ్యేలోపు బోర్డు తుడిచేస్తున్నారు.

ఈ ప్రశ్న అడిగేవాళ్ల గొంతు ఎప్పుడూ తగ్గి ఉంటుంది. తగ్గించుకోవాల్సిన పని లేదు. మీకు విషయం తెలుసు, దాని రెండో పేరు తెలియదు, అంతే. ప్రమేయం అంటే ఫంక్షన్. అవధి లిమిట్. అవకలనం డిఫరెన్షియేషన్, సమాకలనం ఇంటిగ్రేషన్. మాత్రిక మ్యాట్రిక్స్, నిర్ధారకం డిటర్మినెంట్, సదిశ వెక్టర్, సంభావ్యత ప్రాబబిలిటీ. నోట్‌బుక్ చివరి పేజీలో రెండు నిలువు గీతలు గీసి ఇలా రాసుకుంటూ పోండి. మొదటి సెమిస్టర్‌కు అరవై మాటలు సరిపోతాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి. మీ మాటల్లో అర్థం దాగి ఉంది. కూడికను సంకలనం అంటాం, తీసివేతను వ్యవకలనం అంటాం. సమాకలనంలో సంకలనం వినిపిస్తుంది, అవకలనంలో వ్యవకలనం వినిపిస్తుంది. చిన్న చిన్న ముక్కలను కూడితే సమాకలనం, దగ్గర దగ్గరి విలువల తేడా తీసి చూస్తే అవకలనం. సదిశ అంటే దిశ కలిగినది. నిర్వచనం పేరులోనే ఉంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు కూడా నేను ఈ మాటలు చెబుతాను, ఒక్కసారికే గుర్తుంటాయి.

జవాబులు రాయడానికి కావాల్సిన ఇంగ్లిష్ పది, పన్నెండు వాక్యాలే. "గివెన్ దట్", "సబ్‌స్టిట్యూటింగ్ దీజ్ వాల్యూస్", "హెన్స్ ద ర్యాంక్ ఈజ్" లాంటివి. పాత జవాబు పత్రాల్లోంచి ఏరుకుని అవే తిప్పి తిప్పి రాయండి. గ్రామర్‌కు మార్కులు తీసేయరు. క్లాసులో అర్థం కానప్పుడు చెయ్యెత్తి తెలుగులోనే అడగండి. విశాఖలో మ్యాథ్స్ చెప్పేవాళ్లలో ఎక్కువమందికి తెలుగు అర్థమవుతుంది.

డిప్లొమా చేసి ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌కు వచ్చాను. ఫస్టియర్ మ్యాథ్స్ నాకు లేదు కదా?

మార్కుల జాబితాలో లేదు. ఈసెట్‌లో 200 మార్కులకు 50 మ్యాథ్సే కాబట్టి మీకు పునాది ఉంది. కానీ మీ క్లాసులో మిగతావాళ్లు ఫస్టియర్లో ఐగెన్ విలువలు (మాత్రికల పాఠం), వెక్టర్ కాల్క్యులస్ చేసి వచ్చారు. సిగ్నల్స్, ఫీల్డ్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్ చెప్పే మాస్టార్లు అవి అందరికీ వచ్చనుకుని ముందుకు వెళ్లిపోతారు. సెమిస్టర్ మొదలవక ముందే ఆ రెండు యూనిట్లు చదివేయండి. వర్క్‌షాపులో, ల్యాబులో మీ చెయ్యి వాళ్లకంటే ముందుంటుంది. ఆ పని మీరు నేర్పండి, ఈ లెక్కలు వాళ్ల దగ్గర నేర్చుకోండి.

ఫోరియర్, సింప్సన్, కర్ల్... ఇవన్నీ నిజంగా ఎక్కడైనా వాడతారా?

బీచ్ రోడ్డు నుంచే మొదలుపెడదాం. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. చంద్రుడి ఆకర్షణ వల్ల వచ్చే ప్రధాన పోటు 12.42 గంటలకొకసారి వస్తుంది, సూర్యుడి వల్ల వచ్చేది 12 గంటలకు. ఈ రెండింటినీ రెండు కొసైన్లుగా రాసి కూడండి. రెండూ ఒకేసారి శిఖరానికి చేరిన రోజు పెద్ద పోటు. ఒకటి పైన, ఒకటి కింద ఉన్న రోజు చిన్న పోటు. మళ్లీ రెండూ కలవడానికి ఎంతకాలం పడుతుంది? 12వ వంతు లోంచి 12.42వ వంతు తీసేసి, వచ్చినదాన్ని తలకిందులు చేయండి. సుమారు 355 గంటలు వస్తుంది. 24తో భాగిస్తే 14.8 రోజులు. అది పక్షం. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువని ఫిషింగ్ హార్బర్‌లో వేటకు వెళ్లే ఎవరిని అడిగినా చెప్తారు. పంచాంగంలోని పక్షం బోర్డు మీద రెండు కొసైన్ల కూడికలోంచి బయటికి వచ్చినప్పుడు క్లాసులో ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు. నేను పాఠం చెప్పేదే ఆ నిమిషం కోసం.

రేవుల్లో వాడే పోట్ల పట్టికలు ఇలాగే తయారవుతాయి. నీటిమట్టం కొలతల్లోంచి ఒక్కో కొసైన్ ఎత్తెంత, ఆలస్యం ఎంత అని విడదీసి, రాబోయే రోజులకు మళ్లీ కూడతారు. ఈ కాలాలు ఒకదానికొకటి పూర్ణాంక గుణిజాలు కావు కాబట్టి సిలబస్‌లో ఉన్న ఫోరియర్ శ్రేణి అచ్చంగా ఇది కాదు. ఆలోచన మాత్రం అదే: గజిబిజిగా కనిపించే అలను శుభ్రమైన అలల కూడికగా చూడడం.

సింప్సన్ రూల్ కోసం సింధియా వైపు వెళ్లాలి. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ పునాది వేయించిన షిప్‌యార్డు అక్కడుంది. స్వతంత్ర భారతంలో కట్టిన తొలి ఓడ జల ఉష 1948లో అక్కడే నీళ్లలోకి దిగింది. ఓడ అంచు వంపుకు చక్కటి సమీకరణం ఉండదు. పొడవునా సమాన దూరాల్లో వెడల్పులు కొలుస్తారు, వాటి నుంచి వైశాల్యం కట్టాలి. ఒక చిన్న పడవ అనుకోండి, 20 మీటర్ల పొడవు. మధ్య గీత నుంచి అంచుకు, 5 మీటర్లకొకసారి కొలిస్తే 0, 3, 4, 3, 0 మీటర్లు వచ్చాయి. 1, 4, 2, 4, 1తో వరుసగా గుణించి కూడితే 32. దాన్ని 5తో గుణించి 3తో భాగిస్తే 53.33 చదరపు మీటర్లు. ట్రెపిజాయిడల్ రూల్‌తో అదే కొలతలకు 50 వస్తుంది. ఏది నిజం? ఈ అయిదు కొలతలూ ఒక పరావలయం మీద ఉన్నాయి, సమాకలనం చేసి చూసుకోండి, సరిగ్గా 53.33. అది సగం పడవే కాబట్టి రెండింతలు చేయాలి. ఓడల నిర్మాణంలో ఈ 1, 4, 2, 4, 1 రోజువారీ పని. మీ సిలబస్‌లో రెండు మార్కుల ప్రశ్నలా కనిపించేది వాళ్లకు చేతిపనిముట్టు. భాగాల సంఖ్య సరిసంఖ్య అయి ఉండాలన్న షరతు మర్చిపోవద్దు. పరీక్షలో అందరూ జారేది అక్కడే.

ఇక కర్ల్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మీరు చిన్నపిల్లలు, ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. గాలి వేగాన్ని సదిశా క్షేత్రంగా రాస్తే, ఆ తిరుగుడును కొలిచేది కర్ల్. కింది పొరల్లో గాలి కేంద్రం వైపు లాక్కుపోవడాన్ని కొలిచేది డైవర్జెన్స్, అక్కడ దాని విలువ రుణాత్మకం. తుపాను కన్ను ఒక ఊరి మీదుగా పోతే గాలి కాసేపు ఆగి, తర్వాత ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. బొమ్మ గీసి బాణాలు వేస్తే ఎందుకో మీకే తెలుస్తుంది. గాలి ఎటు పోతుందో ముందుగా చెప్పే లెక్కలు పాక్షిక అవకల సమీకరణాలే.

నేను సీఎస్‌ఈ. ప్రోగ్రామింగ్ వస్తే చాలదా?

కొంత దూరం చాలు. మీ ఫోన్లో ఫొటో జేపెగ్‌గా చిన్నదవుతుంది కదా, దాన్ని 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను కొసైన్ల కూడికగా మార్చి, కంటికి ఆనని వాటిని తగ్గించేస్తారు. సెర్చ్‌లో ఏ పేజీ ముందు రావాలన్న గూగుల్ తొలి ఆలోచన ఒక పెద్ద మాత్రికకు ఐగెన్ వెక్టర్ కనుక్కోవడమే. మెషిన్ లెర్నింగ్ చేస్తామని వచ్చే పిల్లల్ని రెండేళ్ల తర్వాత ఆపేది కోడ్ కాదు, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ.

ప్రాబబిలిటీ అంటే సి.ఆర్. రావు గారి పేరు చెప్పకుండా ఉండలేను. ఈ ఊళ్లోనే ఏవీఎన్ కాలేజీలో, ఆ తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదువుకున్నారు. 1945లో ఆయన ప్రచురించిన వ్యాసంలోని ఫలితాన్ని క్రామెర్-రావు హద్దు అంటారు: ఉన్న డేటాతో పక్షపాతం లేని అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో, అంతకు మించి ఎందుకు కుదరదో అది చెబుతుంది. రాడార్ సిగ్నల్స్ మీద పనిచేసేవాళ్లు ఈ రోజుకూ వాడుతున్నారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. మీరు బస్సులో దాటే దారిలోనే ఆయన చదువుకున్న గదులున్నాయి.

బోర్డు మీద చూస్తే అంతా అర్థమవుతుంది. రూముకి వెళ్లి పెన్ను పట్టుకుంటే ఏమీ రాదు.

చూస్తే ఈత కూడా వచ్చినట్టే ఉంటుంది. క్లాసులో చేసిన లెక్కను ఆ రాత్రే, నోట్సు మూసేసి, తెల్ల కాగితం మీద చేయండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడ గుర్తు పెట్టండి. నోట్సు తెరిచి ఆ ఒక్క అడుగు చూడండి, మళ్లీ మూసేయండి. ఒకే లెక్క మీద ఇలా మూడుసార్లు ఆగడం మామూలే. రోజుకు రెండు లెక్కలు చాలు. ఆదివారం ఇరవై లెక్కలు చేస్తానని వారమంతా వదిలేయకండి.

జవాబు తప్పైతే మార్కులు పోయినట్టేనా?

పోవు. స్టెప్పులకు మార్కులుంటాయి, అందుకే స్టెప్పులు కనబడేలా రాయాలి. రెండో వరుసలోంచి మొదటి వరుసకు మూడింతలు తీసేశారా, ఆ మాట పక్కన రాయండి. రాయకపోతే అంకె ఎక్కడ తప్పిందో దిద్దేవాళ్లకు తెలియదు. సూత్రం ముందు రాసి, తర్వాత విలువలు పెట్టండి. సమాకలనంలో స్థిరాంకం వదిలేయకండి.

మీరే సరిచూసుకునే దారులు కూడా ఉన్నాయి. ఐగెన్ విలువలు కనుక్కున్నాక కూడి చూడండి, మాత్రిక ప్రధాన వికర్ణంలోని అంకెల మొత్తం రావాలి. గుణిస్తే నిర్ధారకం రావాలి. మొదటి వరుస 2, 1, రెండో వరుస 1, 2 ఉన్న మాత్రికకు విలువలు 3, 1. కూడితే 4, గుణిస్తే 3, సరిపోయింది. ఇరవై సెకన్ల పని. ఫోరియర్‌లో ప్రమేయం సరిదా, బేసిదా అని ముందే చూస్తే సగం లెక్క చేయనక్కర్లేదు. అవకల సమీకరణం జవాబును తిరిగి సమీకరణంలో పెట్టి చూడండి.

ఇంపార్టెంట్ క్వశ్చన్స్ చదివితే పాసవుతామా?

అవ్వచ్చు. ఆ పేపర్ వరకూ. పై సెమిస్టర్లో కంట్రోల్ సిస్టమ్స్ మొదలైన రోజు లాప్లాస్ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తుంది, అప్పటికి టైం ఉండదు. పాత పేపర్లు మాత్రం తప్పక చేయండి, అది వేరు.

ఫోన్‌తో ఫొటో తీస్తే లెక్క చేసి చూపించే యాప్‌లు, ఏఐ వాడొచ్చా?

మీరు చేసిన తర్వాత సరిచూసుకోవడానికి వాడండి. ముందే చూస్తే ఇందాక చెప్పిన బోర్డు సమస్యే: అర్థమైనట్టు ఉంటుంది, చేతికి రాదు. ఏఐ కొన్నిసార్లు ధీమాగా తప్పు స్టెప్పు రాస్తుంది, అది పట్టుకునే శక్తి మీకుండాలి. వీడియోలకైతే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ మాస్టార్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. కాలిక్యులేటర్ ప్రోగ్రామబుల్ కానిది కొనండి, హాల్లోకి ఏది రానిస్తారో పరీక్షకు ముందే కనుక్కోండి. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్‌లో అయితే తెర మీద వచ్చే కాలిక్యులేటరే దిక్కు, దాని మీద ముందే సాధన చేయాలి.

గేట్‌కు ఈ మ్యాథ్స్ ఎంత పనికొస్తుంది?

చాలా పేపర్లలో 100కు 13 మార్కులు ఇంజనీరింగ్ మ్యాథ్స్‌కే. ఫస్టియర్, సెకండియర్లో శ్రద్ధగా చేసినవాళ్లకు ఆ 13 పాత స్నేహితుల్లా ఎదురొస్తాయి.

ఎం-1 (మొదటి సెమిస్టర్ మ్యాథ్స్) బ్యాక్‌లాగ్ ఉండిపోయింది. ఎం-2 ఎలా అర్థమవుతుంది? ఇంట్లో చెప్పలేదు.

ముందు ఇంట్లో చెప్పండి. దాచుకున్న టెన్షన్‌తో లెక్కలు చేయడం కష్టం. బ్యాక్‌లాగ్ ఒక పేపర్ మిగిలిందని చెబుతుంది, మీరెలాంటివారో చెప్పదు. మొదటి ఏడాదిలో ఫెయిలై, ఫైనలియర్లో తోటివాళ్లకు అదే పేపర్ నేర్పిన పిల్లల్ని చూశాను.

ఎం-2 ఆగదు, దానితోపాటే నడవాలి. సప్లీకి ఐదు యూనిట్లనూ సమానంగా పంచుకోకండి. మీకు బాగా వచ్చే రెండు యూనిట్లు గట్టిగా, మూడోది పాస్ స్థాయికి తెచ్చుకోండి. అప్పుడు మిగిలిన వాటికి భయం లేకుండా కూర్చోగలరు. పార్షియల్ డెరివేటివ్స్, డబుల్ ఇంటిగ్రల్స్ రెండు చోట్లా పనికొస్తాయి కాబట్టి వాటితో మొదలుపెట్టండి. పాత మాస్టారి దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడకండి. ఫెయిలైన పేపర్ గురించి అడగడానికి వచ్చిన పిల్లల్ని ఏ మాస్టారూ చిన్నచూపు చూడరు, నిజానికి వాళ్లకోసమే ఎదురుచూస్తాం.

మా అమ్మాయి ఇంటర్‌లో బాగా చదివింది. ఇప్పుడు మ్యాథ్స్ అంటే ఏడుస్తోంది. ట్యూషన్ పెట్టించమంటారా, బ్రాంచి మార్పించమంటారా?

రెండూ ఇప్పుడే వద్దండీ. అమ్మాయిని కూర్చోబెట్టి మార్కులు అడగకుండా, ఏ యూనిట్ దగ్గర ఆగిందో అడగండి. మీకు మ్యాథ్స్ రాకపోయినా ఫర్వాలేదు, తను పైకి చెబితే తనకే సగం తెలుస్తుంది. హాస్టల్లో ఉంటే నిద్ర, తిండి ఎలా ఉన్నాయో కనుక్కోండి. ఇంటర్‌లో పొద్దున్నించీ రాత్రి దాకా ఎవరో ఒకరు చదివించారు, ఇక్కడ ఎవరూ చదివించరు, ఆ తేడాకే చాలామంది తడబడతారు. ముందు తన మ్యాథ్స్ మాస్టారితో మాట్లాడించండి. దసరా సెలవుల్లో ఇంటర్ సమాకలనం తిరగేశాక కూడా ఇలాగే ఉంటే, అప్పుడు ట్యూషన్ సంగతి చూద్దాం.

రూములో నలుగురం ఉంటాం, చదువు సాగదు. ఎక్కడ కూర్చోవాలి?

మీ కాలేజీ లైబ్రరీ ముందు. ఆంధ్రా యూనివర్సిటీ పిల్లలకు క్యాంపస్‌లోనే డాక్టర్ వి.ఎస్. కృష్ణా లైబ్రరీ ఉంది. సిటీలో ఉండేవాళ్లకు ద్వారకానగర్‌లో విశాఖపట్నం పబ్లిక్ లైబ్రరీ. వెళ్లేటప్పుడు ఫోన్ సంచీలో వేసి, రఫ్ నోట్‌బుక్, రెండు పెన్నులు తీసుకెళ్లండి. ఇద్దరు కలిసి వెళితే ఎదురెదురుగా కూర్చుని ఒకే లెక్క విడివిడిగా చేసి, కాగితాలు మార్చుకుని దిద్దుకోండి.